మట్టి తగలని నీళ్ళు

ఈ పొద్దున పై మైదానంలో గడ్డి తిరగేస్తుండగా వాన పట్టుకుంది. నిన్న కోసిన గడ్డి సగమే ఆరింది. ఆరినంత మేర కుప్ప వేసి, తడిసినది తడవనిచ్చి, నేనూ నా ఇద్దరు కూతుళ్ళూ మోకాళ్ళ దాకా బురదతో ఇంటికి దిగివచ్చాం. వాన తగ్గే సూచన లేదు. పెద్దమ్మాయి వంటపాకలో కూర్చుంది. చిన్నమ్మాయి వసారాలో కూర్చుంది. మధ్యగదిలో నేను కూర్చుని ఇది రాస్తున్నాను. ఎల్లుండి ఆదివారం ప్రభువు బల్ల. ఆ మర్నాడు పట్నం ఆసుపత్రిలో నన్ను కత్తి కింద పడుకోబెడతారు. కాబట్టి గడ్డి సంగతి తర్వాత, ఈ సంగతి ముందు.

నేను రఫీలా హుత్సాన్‌ని. చనిపోయిన జకారియె హుత్సాన్ భార్యని. ఫుందోయా గ్రామంలో, వాగుకి పైన ఆఖరి ఇంట్లో కాపురం. వయసు డెబ్బై ఆరు. నా కడుపులో రాళ్ళున్నాయని డాక్టరు ఫోటో తీసి చూపించాడు. తలలో ఉన్నాయని ఎవరూ అనలేదు. ఏం రాస్తున్నానో తెలిసి, నా ఇష్టప్రకారం, నా చేత్తో రాస్తున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. బతిమాలిన వాళ్ళున్నారు గాని వాళ్ళ మాట వినలేదు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఎక్కడైనా కనపడితే అది నాది కాదు.

సొంత చేతిరాతతో రాసి, తేదీ వేసి, సంతకం పెడితే చాలు, సాక్షులు అక్కర్లేదని పట్నంలో నోటరీ చెప్పాడు. అయినా పక్కింటి ఇలారియోన్‌నీ, అతని భార్య దోమ్నికానీ రమ్మన్నాను. ఏ మాటైనా ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట నిలవాలని దేవుడి వాక్యంలో ఉంది. వాక్యంలో ఉన్నదాన్ని పనికొచ్చినప్పుడు ఒక కంటితో, రానప్పుడు ఇంకో కంటితో చూడడం నాకు చేతకాదు. ఈ కాగితం అంతా ఆ సంగతే.

1. నా స్థిరాస్తి అనగా ఈ ఇల్లు, వంటపాక, పశువుల కొట్టం, రేగుపళ్ళ తోట, పై మైదానం. తూర్పున వాగు, పడమర ఇలారియోన్ కంచె, ఉత్తరాన అడవి, దక్షిణాన ఊరి దారి హద్దులుగా గల ఈ మొత్తం నా పెద్ద కూతురు ఎస్తెరాకీ, చిన్న కూతురు తబితాకీ చెరి సగం. నా తదనంతరం సర్వహక్కులతో అనుభవించుకోవచ్చు. కొలిచి గట్టు వేసుకున్నా సరే, కలిపి కోసుకున్నా సరే.

ఇందులో షరతు ఏదీ లేదు. ఇది రాయడానికి కారణం ఉంది. నా కూతుళ్ళిద్దరికీ మాటలు లేవని తెలిసి, దోమ్నికా మంచి మనసుతోనే నాకొక సలహా ఇచ్చింది. "వదినా, ఇద్దరూ ఒకరి కాళ్ళొకరు కడిగితేనే ఇల్లు, లేకపోతే ఇల్లు సంఘానికి అని రాసిపారెయ్యి. ఎలా పరిగెత్తుకొస్తారో చూడు!" అంది. పరిగెత్తుకొచ్చే మాట నిజమే. అయితే నేల కోసం కడిగిన కాలు, కాలు కాదు, నేల. దేవుడి మాట వినమని కూలి ఇచ్చి చెప్పించే అవసరం దేవుడికి లేదు. ఆయన వానని ఇద్దరి గడ్డి మీదా కురిపించాడు, ఇవాళే చూశాం. నేనూ అలాగే పంచుతున్నాను.

2. ఆవు జొయానా తబితాకి. పాలు పితికేటప్పుడు దానికి మాటలు కావాలి, ఎస్తెరా పనిలో మాట్లాడదు. కుట్టు మిషను ఎస్తెరాకి. దాన్ని తొక్కడంలో తబితాకి ఓపిక లేదు, దారం తెంపేస్తుంది. కోళ్ళు ఎవరి దగ్గరికి పోతే వాళ్ళవి.

3. ప్రార్థన మందిరం వెనక గదిలో వాడే రాగి కాగు, రెండు ఎనామిల్ బేసిన్లు, జనపనారతో నేసిన తువ్వాళ్ళన్నీ నావి. సంఘానివని చాలామంది అనుకుంటున్నారు. కాగు నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చింది. తువ్వాళ్ళు నేను నేశాను. బేసిన్లు జకారియె సంతలో కొన్నాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకి మేమిద్దరం ఈ సంఘంలో కలిసినప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం నీళ్ళు కాచేదాన్ని నేనే, కడిగాక ఆ నీళ్ళు పెరట్లో పారబోసేదాన్ని నేనే. వీటిలో నీలం అంచు బేసిను అడుగు కారుతుంటే మాటు వేయించడానికి ఇంటికి తెచ్చాను; వేయించాను, ఇప్పుడది వంటపాకలో మేకుకి ఉంది. తువ్వాళ్ళు నెలనెలా ఉతకడానికి తెస్తాను, ఇక్కడే ఉన్నాయి.

మా ఆనవాయితీ తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రభువు బల్లకి ముందు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, మేము ఒకరి కాళ్ళు ఒకరం కడుగుతాం. మగవాళ్ళు ముందు గదిలో, ఆడవాళ్ళు వెనక గదిలో. ఇద్దరిద్దరు జతగా. ఒకరు వంగి కడిగి తుడుస్తారు, తర్వాత రెండోవాళ్ళు వంగుతారు. జతకి రెండు తువ్వాళ్ళు, ఒక్కొక్కరి కాళ్ళకి ఒకటి. మన ప్రభువు చనిపోయే ముందు రాత్రి తన శిష్యులకి ఇలాగే చేసి, మీరూ చేయండి అన్నాడు. ఆ శిష్యుల్లో ఆయన్ని అమ్మేసినవాడూ ఉన్నాడు. వాడి కాళ్ళు కూడా కడిగాడు. వాణ్ణి దాటి పక్కవాడి దగ్గరికి వెళ్ళలేదు.

ఇక మా ఆడవాళ్ళు ఏం చేస్తారో రాస్తాను. ఇంటి దగ్గరే సబ్బుపెట్టి తోముకుని, గోళ్ళు తీసుకుని, కొత్త మేజోళ్ళు తొడుక్కుని వస్తారు. వచ్చాక, పెళ్ళివిందులో ఎవరి పక్కన కూర్చుందామా అని వెతుక్కున్నట్టు గదంతా చూసుకుంటారు. ఎవరితో పేచీ లేదో వాళ్ళ దగ్గరికి వెళ్తారు. పేచీ ఉన్నవాళ్ళు ఎదురైతే గోడవారగా తిరిగి అవతలికి పోతారు. ఒకసారి నా కూతుళ్ళిద్దరినీ ఒకే బెంచీ మీద పక్కపక్కన నేనే కూర్చోబెట్టాను. బేసిను తెచ్చేలోపు పెద్దదానికి జలుబు చేసింది, చిన్నదానికి బయట పిల్లాడు ఏడుస్తున్నట్టు వినపడింది. ఆ పిల్లాడు ఆ రోజు మందిరానికే రాలేదు.

ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళు పారబోసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఆ నీళ్ళలో నేను మట్టి చూడలేదు. కాగులోంచి ఎలా తీశానో అలాగే తేటగా పారబోశాను. గులాబి మొక్కకి పోస్తే సబ్బు వాసన కూడా రాలేదు. కడిగిన కాళ్ళు కడుక్కుని, క్షమించనక్కర్లేని వాళ్ళని క్షమించి, రొట్టె విరుచుకుని ఇంటికి వెళ్ళడానికి అంత దూరం నుంచి ప్రభువు రావాలా?

వితంతువు పరస్కీవా ఎడమ కాలి మీద పుండు ఉంది. క్యాబేజీ ఆకు వేసి కట్టు కట్టుకుంటుంది. ఎండాకాలం వాసన వేస్తుంది. ఆవిడ బెంచీ చివర కూర్చుని, కట్టు సగం విప్పుకుని, ఎవరైనా వస్తారేమో అని తలుపు వైపు కాకుండా నేల వైపు చూస్తూ ఉంటుంది. మా సంఘంలోకి కొత్తగా వచ్చిన ఒక కోడలు పిల్ల తెలియక ఆవిడ ముందు మోకాళ్ళూనబోయింది. వాళ్ళ అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లాగి, "ఇటు రా, ఇక్కడ నీళ్ళు వేడిగా ఉన్నాయి" అంది. రెండు బేసిన్లలోనూ ఒకే కాగు నీళ్ళు. నేనే పోశాను. పరస్కీవా కాలు ఎప్పుడూ చివర నేనే కడుగుతున్నాను. ఇది గొప్పకి రాయడం లేదు. సోమవారం తర్వాత ఎవరు కడుగుతారో తెలియక రాస్తున్నాను.

కాబట్టి కాగు, రెండు బేసిన్లు, తువ్వాళ్ళన్నీ పరస్కీవాకి రాసిస్తున్నాను. సంపూర్ణ హక్కులతో. ప్రభువు బల్ల నాడు సంఘానికి అవి కావలిస్తే నెలనెలా ఆవిడ ఇంటికి వెళ్ళి, అడిగి, తెచ్చుకోవాలి. మళ్ళీ తీసుకెళ్ళి ఇవ్వాలి. అడగడానికి వెళ్ళినప్పుడు ఆవిడ లేచి వచ్చి తలుపు తీయడం కష్టం, లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్తే ఆ కాలు కనపడుతుంది. నా బాతు ఈకల దిళ్ళు రెండూ కూడా ఆవిడకే, కాలు ఎత్తుగా పెట్టుకోవడానికి.

4. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా సంఘం పెద్ద బెనియామిన్ కోజ్మాకి అప్పగిస్తున్నాను. నా సమాధి కార్యక్రమంలో ఇది అందరి ముందూ ఆయనే చదవాలి. ఈ నాలుగో అంశం దగ్గరికి వచ్చినప్పుడు గొంతు తగ్గించకూడదు, దగ్గు తెచ్చుకోకూడదు.

బెనియామిన్ దొంగ కాడు, తాగుబోతు కాడు. దశమభాగం దగ్గర పైసా తేడా రానివ్వడు. ఎవరి ఇంటి మీద టీవీ యాంటెన్నా లేచిందో, ఎవరి అమ్మాయి జుట్టు కత్తిరించుకుందో, ఎవరి ముసుగు కింద నుంచి చెవి కనపడిందో ఆయనకి మందిరం మెట్లు ఎక్కకముందే తెలుస్తుంది. కాని ఎవరెవరికి మాటలు లేవో మాత్రం ఆయనకి ఎప్పటికీ తెలియదు. నేను వెళ్ళి చెప్పాను. "బెనియామినూ, నా కూతుళ్ళు ఇద్దరూ నీ చేతి రొట్టె తింటున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడరు. ఇది నీకు ఇంపుగా ఉందా?" అన్నాను. ఆయన గడ్డం సవరించుకుని, "రఫీలమ్మా, ఎవరి మనస్సాక్షి వాళ్ళది. జతలు కలపడం నా పని కాదు" అన్నాడు. నేను, "మరి ఇళ్ళ మీద యాంటెన్నాలు వెతకడం నీ పనా?" అన్నాను. "అది సంఘ క్రమశిక్షణ" అన్నాడు.

వాక్యాన్ని చేటలో పోసి చెరిగి, నచ్చిన గింజలు డబ్బాలో పోసుకుని, మిగతాది కోళ్ళకి జల్లడమా క్రమశిక్షణ? ముసుగు వేసుకోమన్నది ఒకచోట ఉంటే, ముందు వెళ్ళి నీ సహోదరుడితో సమాధానపడు, తర్వాత వచ్చి కానుక ఇవ్వు అన్నది ప్రభువు సొంత నోట ఉంది. ఆయన మాటకంటే నా చెవి బరువైపోయిందా ఈ సంఘానికి?

5. ఎస్తెరా గురించి. ఇది ఆస్తి పంపకం కాదు, అయినా వీలునామాలోనే రాస్తాను, ఎందుకంటే కాగితం మీద ఉన్నదానికి ఎస్తెరా విలువ ఇస్తుంది.

నా పెద్ద కూతురు కోడిగుడ్లలో కూడా పదోవంతు దేవుడికి తీస్తుంది. ఆదివారం పొయ్యి రాజేయదు. బంగాళాదుంపలు శనివారమే తొక్క తీసి నీళ్ళలో వేసి ఉంచుతుంది. ఆదివారం బంగాళాదుంప తొక్క తీయదు గాని, చెల్లెలి తోలు తీయడానికి ఏ రోజైనా ఒకటే.

జరిగింది ఇది. ఇలారియోన్ కూతురు పెళ్ళికి తబితా వెళ్ళింది. వాళ్ళది మన సంఘం కాదు, వాళ్ళ పెళ్ళిలో అకార్డియన్ ఉంటుంది, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడతారు, మనకది పాపం. పెళ్ళికూతురు వచ్చి తబితా చెయ్యి పట్టుకుని లాగింది. చిన్నప్పటి నుంచి ఒకే కంచెకి అటూ ఇటూ పెరిగిన పిల్లలు. తబితా ఒక్క చుట్టు తిరిగింది. కంచె ఇవతల నుంచి ఎస్తెరా చూసింది. చూసి, నేరుగా బెనియామిన్ ఇంటికి వెళ్ళింది. మరుసటి ఆదివారం అందరి ముందూ తబితా పేరు చదివారు. ఆ శరదృతువు నుంచి ఈస్టర్ దాకా దానికి రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. భర్త స్పెయిన్‌లో పళ్ళు కోసే పనిలో ఉన్నాడు. అది వెనక బెంచీలో ఒక్కతే కూర్చునేది. చలికాలం అంతా ఆరాధనలో నేను దాన్ని చూడలేదు, ఎందుకంటే నేను ముందు కూర్చునేదాన్ని. కాని బేసిను తీసుకుని వెనక గదిలోకి వెళ్ళేటప్పుడు దాని ముఖం చూసేదాన్ని.

ఎస్తెరా తప్పు చెప్పిందని నేను అనడం లేదు. ఉన్నదే చెప్పింది. సంఘానికి చెప్పమని వాక్యంలో ఉందని నాకు వచనం కూడా చూపించింది. నేను దాని వేలు పట్టుకుని రెండు వరసలు పైకి జరిపాను. నీ సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వొక్కడివే వెళ్ళి, అతనొక్కడు ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మూడు మెట్లు. ఎస్తెరా మొదటి రెండూ ఎక్కకుండా మూడోదాని మీద నిలబడింది. "అమ్మా, చివరికి అక్కడికే వస్తుంది కదా" అంది. రాకపోవచ్చు కదే! ఒక్కదానివే కంచె దగ్గర నిలబడి, "తబీ, ఏంటిది?" అని ఉంటే అది నవ్వేసి, "అక్కా, కాలు ఆగలేదే" అని ఉండేది. అంతటితో అయిపోయేది. ఆ మొదటి మెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరూ ఊడదీసుకుపోలేదు.

నా గొర్రెతోలు కోటు ఎస్తెరాకి. దాని కుడి భుజం చలికి పట్టేస్తుంది. నాకు చెప్పదు గాని గడ్డి ఎత్తేటప్పుడు పంగలకర్ర ఎడమ చేతికి మార్చుకుంటుంది.

6. తబితా గురించి. అమ్మ అక్కనే తిట్టిందని అది వసారాలో కూర్చుని సంతోషపడకూడదు.

ఈస్టర్ నాడు మళ్ళీ బల్ల దగ్గరికి రానిచ్చినప్పుడు, అందరి ముందూ లేచి నిలబడి, "అందరినీ క్షమించాను" అంది. అందరూ ఆమేన్ అన్నారు. దారిలో కుక్క ఎదురైనా పలకరించే పిల్ల, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాలు పోసే పిల్ల, అక్క ఎదురైతే వాగు దాటి అవతలి గట్టున నడుస్తుంది. నోటితో మాట్లాడి నొసటితో వెక్కిరించడం అంటే ఇదే. అక్కకి జ్వరం వస్తే పాలు పంపింది, పంపినమాట నిజమే. దోమ్నికా చేతికిచ్చి, "నేనిచ్చానని చెప్పకు" అని పంపింది. పాలు పంపడం మంచిపనే. కాని దేవుడు అడిగింది పాలు కాదు.

పోయిన నెల నేను అడిగాను. "నేను క్షమించేశానమ్మా, ఇంకేం చేయమంటావ్? ఇప్పుడు కాళ్ళు కూడా పట్టుకోవాలా? అలా ఎక్కడుంది?" అంది. ఎక్కడుందా? నెలనెలా బెనియామిన్ భార్య కాళ్ళు ఎక్కడుందని పట్టుకుంటున్నావే? ఆ వచనమే. అందులో బెనియామిన్ భార్య పేరు లేదు, అక్క పేరూ లేదు. పేర్లు లేకపోవడం మీకు కలిసొచ్చింది. అందుకే ఎవరికి ఇష్టమైన పేరు వాళ్ళు రాసుకున్నారు.

దేవుడి మాటల్లో తొంభై తొమ్మిది చేసి ఒకటి వదిలేశాను అంటారు. ఆ ఒక్కటీ ఏదో చూడండి. ఎప్పుడూ కష్టమైనదే ఉంటుంది. మిగతా తొంభై తొమ్మిదీ మీకెలాగూ ఇష్టమైనవే. ఇష్టమైనవి చేసుకోవడాన్ని లోబడడం అనరు.

నా పూసల దండ తబితాకి. ఈ సంఘంలో కలవకముందు, పెళ్ళిలో నేను వేసుకున్నది. తీసేశాను గాని పారేయలేదు. బీరువా పై అరలో, ఉన్ని మేజోడులో ఉంది. బెనియామిన్ చూస్తే చూడనీ.

7. జకారియె పొడుగు కర్ర కొడవలి, సానరాయి, రాయి పెట్టుకునే కొమ్ము ఇలారియోన్‌కి. జకారియె పోయాక నా పై మైదానం ఏటా అతనే కోసిపెడుతున్నాడు. అతను మన సంఘం వాడు కాదు. రేగుపళ్ళ సారా తాగుతాడు, బూతులాడతాడు. అతని మాటలు కొన్ని నాకు కోపం తెప్పించాయి. "వదినా, మీ మారుమనస్సోళ్ళు ఇంట్లో కాళ్ళు కడుక్కుని వెళ్తారు, అక్కడ మళ్ళీ కాళ్ళు కడుక్కుంటారు. మరి మురికంతా నాలిక మీదుంటే?" అన్నాడు. తబితా పేరు చదివిన వారం కంచె మీద మోచేతులు ఆనించి, "నా పిల్ల పెళ్ళిలో ఒక్క చుట్టు తిరిగినందుకు స్వర్గం తలుపు మూసేశారా? అంత ఇరుకు సందులో మీరెలా పడతారు వదినా?" అన్నాడు. నేను తలుపు వేసుకుని లోపలికి వచ్చేశాను. రేగుపళ్ళ తోట సగాల్లో ఉన్నా, కంచె పక్క చెట్టు పళ్ళు అతను కోసుకోవచ్చు. సారా కాస్తాడని తెలిసే రాస్తున్నాను. కూతుళ్ళు అభ్యంతరపెట్టకూడదు.

8. నా సమాధికి వాల్‌నట్ చెక్కలు కొట్టం అటక మీద ఉన్నాయి. జకారియె పక్కనే గొయ్యి. పాటలు పాడండి, నన్ను పొగడకండి.

నా శవానికి స్నానం గురించి. మా అమ్మని నేను కడిగాను. మా అత్తని నేను కడిగాను. మా ఇంట్లో అది కూతుళ్ళ పని, కోడళ్ళ పని. నన్ను కడగడానికి ఎస్తెరా, తబితా ఇద్దరూ వస్తారు. చెరోవైపూ నిలబడి, ఒకరి చెయ్యి ఒకరికి తగలకుండా, కన్నీళ్ళు పెట్టుకుని కడుగుతారు. చచ్చినదాని కాళ్ళు కడగడం సుళువు. అవి ఎదురు చెప్పవు, వెనక్కి లాక్కోవు, పాత సంగతులు ఎత్తవు. నేను దానికి ఒప్పుకోను.

నన్ను దోమ్నికా, పరస్కీవా కడగాలి. పరస్కీవా నిలబడలేకపోతే కుర్చీ వేయండి. బతికి ఉన్న తోబుట్టువు కాళ్ళు ముట్టుకోని చేతులు చనిపోయిన తల్లి కాళ్ళు ముట్టుకోకూడదు. ఆ గదిలోకి నా కూతుళ్ళు రాకూడదు, తలుపు బయట నిలబడాలి. ఇది నా ఆస్తి మీద షరతు కాదు, నా ఒంటి మీద నా హక్కు.

ఈలోపు వాళ్ళిద్దరూ ఒకరి కాళ్ళొకరు కడిగేశారని దోమ్నికాకి తెలిస్తే, ఆవిడ పక్కకి తప్పుకుని వాళ్ళని రానివ్వవచ్చు. ఇదీ షరతు కాదు, వరుస. ముందు బతికినవాళ్ళు, తర్వాత చచ్చినవాళ్ళు. ముందు సమాధానం, తర్వాత కానుక. ముందు ఒక్కదానివే, తర్వాత సంఘం. దేవుడు పెట్టిన వరుస మార్చే అధికారం నాకూ లేదు, మీకూ లేదు.

9. ఇందులో నేను మరిచిపోయిన వస్తువు ఏదైనా ఉంటే ఎవరికి ముందు కావలిస్తే వాళ్ళది, ఒక్కటి తప్ప. మందిరం పెరట్లో గులాబి మొక్క నేను నాటినది. బేసిన్లలో మిగిలిన నీళ్ళు ఇకముందు కూడా దానికే పోయండి. ఎలాంటి నీళ్ళు పోస్తున్నారో అదే చూసుకుంటుంది.

ఇది నా స్వహస్తాలతో రాసి, పైకి చదివి, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను. నా తదనంతరం అమలులోకి వస్తుంది. బతికి వస్తే నేనే మళ్ళీ చదువుతాను.

ఫుందోయా, 2003 జూలై 4, శుక్రవారం.

(సంతకం) రఫీలా హుత్సాన్

సాక్షులు:
(సంతకం) ఇలారియోన్ మార్యాన్
(సంతకం) దోమ్నికా మార్యాన్

సంతకాల తర్వాత చేర్చినది, అదే రోజు, అదే చేతిరాత:

పైదంతా వంటపాకకీ వసారాకీ వినపడేలా చదివాను. సాక్షులు వింటూ ఉన్నారు. ఎనిమిదో అంశం దగ్గర ఇలారియోన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చదవడం అయ్యింది. వాన ఇంకా పడుతూనే ఉంది.

కాసేపటికి వంటపాకలో బేసిను మేకు నుంచి దించిన చప్పుడు అయింది. ఎస్తెరా దానిలో కెటిల్ నీళ్ళు పోసుకుని, రెండు తువ్వాళ్ళు భుజాన వేసుకుని, నా గదిలోంచి వసారాలోకి వెళ్ళింది. నా వైపు చూడలేదు. తబితా గడ్డిలోంచి వచ్చిన కాళ్ళతోనే ఉంది. ముందు ఒక్కదానివే వెళ్ళి చెప్పమని వాక్యంలో ఉంది కాబట్టి నేను కిటికీ మూసి, సాక్షులని అవతలి గదిలోకి పంపించాను. తబితా గొంతు పెద్దదైంది, కొంతసేపు అలాగే ఉంది. తర్వాత ఎస్తెరా గొంతు. ఏమనుకున్నారో నేను వినలేదు, వినలేదనే రాస్తున్నాను.

తర్వాత వెళ్ళి చూశాను. బేసిను మెట్టు మీద ఉంది. నీళ్ళు నేనే పారబోశాను. అడుగున మట్టి ఉంది, గడ్డిపరకలు ఉన్నాయి. ఒక తువ్వాలు తడిసి ఉంది. రెండోది మడత విప్పలేదు.

ఒకరు కడిగారు, ఒకరు కడగలేదు. ఇది సగం. ఎనిమిదో అంశం ఉన్నది ఉన్నట్టే ఉంచాను.

ఇలారియోన్, దోమ్నికా వాన వెలవగానే కంచె దాటి వెళ్ళారు. ఎస్తెరా పాలు పితికే వేళకి పై దారిన తన ఇంటికి వెళ్ళింది. తబితా ఇల్లు కింద, వాగు పక్కన. అది ఇంకాసేపు మెట్ల మీద కూర్చుంది. తర్వాత బేసినూ పొడి తువ్వాలూ తీసుకుని, చీకటి పడకముందే, పై దారిన వెళ్ళింది.